తిరగేసి చూసే మరియమ్మగారు

మరియమ్మగారు దేన్నైనా ముందు తిరగేస్తారు. రాజోలులో చీర కొనడానికి వెళ్తే, కొట్టువాడు పరిచిన రంగులన్నీ పక్కకి నెట్టి, అంచు పట్టుకుని వెనక వైపు చూస్తారు. పెసరట్టు పళ్లెంలో పడితే కింద ఎలా కాలిందో చూసిగానీ తుంపరు. మూడేళ్ల కిందట ఎవరో పెద్దలు వచ్చి, లేసు కళను బతికించిన మాతృమూర్తి అంటూ ఆవిడకి స్టేజీ మీద శాలువా కప్పేరు. చప్పట్లు ఇంకా మోగుతుండగానే ఆవిడ శాలువా కొస తిప్పి చూసి, "దారాలు వేలాడుతున్నాయండీ" అన్నారు. మైకు దగ్గరగా ఉంది. చివరి బెంచీ వరకూ వినబడింది.

ఇది పొగరు కాదు. ముప్ఫై ఏళ్ల పని ఒంట్లో వదిలిపెట్టి వెళ్లిన అలవాటు.

ఆవిడ ఊరు సఖినేటిపల్లి రేవుకి నాలుగు కిలోమీటర్ల దూరం. గోదారి దాటితే నరసాపురం. లేసు వ్యాపారులుండేది అక్కడ. ప్రతి గురువారం రాఘవులనే ఏజెంటు రేవులో పంటెక్కి ఏరు దాటి ఇవతలికి వచ్చేవాడు. దారం ఉండలు ఇచ్చి, అల్లిన లేసు పట్టుకుపోయేవాడు. ఊళ్లో ముప్ఫై రెండు ఇళ్లలో ఆడవాళ్లు అల్లేవారు. అన్ని ఇళ్లూ తిరగడం ఎండలో తనవల్ల కాక, లేసు పోగుచేసి బాగోగులు చూసి పెట్టమని రాఘవులు మరియమ్మగారికి అప్పగించేడు. ఆ పనికి ఆవిడకి అతను చేసిన ఉపదేశం ఒక్కటే.

"మొహం ఎవరైనా కడుక్కుంటారు మరియమ్మగారూ. మీరు వీపు చూడండి."

అప్పటినుంచీ ఆవిడ వీపులే చూసేరు. ముడి కనబడితే తిప్పి పంపేవారు. వదులుగా ఉంటే తిప్పి పంపేవారు. ఆవిడ చెయ్యి ఎంత బిగువంటే, ఆవిడ అల్లిన పువ్వుని నీళ్లలో నానబెట్టి పిండినా ఒక్క రేకు పక్కకి జరిగేది కాదు. కుడిచేతి చిటికెన వేలి మీద దారం లాగి లాగి పడిన గాడి ఇప్పటికీ ఉంది. అందులో చీపురుపుల్ల పెడితే కదలకుండా నిలబడుతుందని మనవరాలు క్రిస్టీనా వేళాకోళం చేస్తుంది.

లేసు గురించి ఇప్పుడు సభల్లో చాలా చెబుతారు. దొరసానులు వచ్చి నేర్పేరనీ, ఆడవాళ్ల బతుకుల్లో వెలుగొచ్చిందనీ. మరియమ్మగారు ఆ ఉపన్యాసాలప్పుడు ఆవులిస్తారు. ఆవిడకి జ్ఞాపకమున్న లేసులో వెలుగు తక్కువ, మెడనొప్పి ఎక్కువ. చెమట చేతులకి తెల్లదారం మాసిపోకుండా పక్కన పౌడరు డబ్బా. ఒళ్లో పని, పొయ్యి మీద చారు. అయితే ఒకటి మాత్రం ఒప్పుకుంటారు: "నేను పంపిన సరుకు నరసాపురం నుంచి ఒక్కటి వెనక్కి రాలేదండి." ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ వెన్ను తిన్నగా అవుతుంది.

తర్వాత మిషను లేసు వచ్చింది. ఒక గురువారం రాఘవులు రాలేదు. మరుసటి గురువారమూ రాలేదు. మూడో గురువారం మరియమ్మగారు లేసు సూదిని కుట్టుపెట్టెలో పెట్టి మూత వేసేరు.

ఖాళీగా కూర్చునే మనిషి కాదు గనక చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద అయ్యేరు. సమాజం తరఫున ఏటా ఆసుపత్రిలో పుట్టిన పిల్లలకి ఊలు టోపీలు అల్లి ఇస్తారు. ఆవిడ అల్లిన టోపీ పెట్టిన పిల్లల నుదుటి మీద రెండు రోజులు గీత ఉంటుందని నర్సులు నవ్వుకునేవారట. టోపీలు అయ్యేక మిగిలిన ఊలంతా, గుప్పెట్లో పట్టేంత చిన్న చిన్న ఉండలు, ఎరుపూ తెలుపూ ఆకుపచ్చా రాణీరంగూ, ఒక బిస్కెట్ల డబ్బాలో పడుతుండేది. ఆ డబ్బా నిండి, మూత పట్టక, పైన రబ్బరుబ్యాండు వేసేరు.

ఈ ఏడు ఆ డబ్బాకి పని పడింది.

కిందటి క్రిస్మసుకి చర్చి చెట్టుకి కట్టిన ప్లాస్టిక్ బంతుల తళుకు రాలి, సంఘ పెద్దల బట్టతలల మీద పడి, పాటల పుస్తకాల మధ్య ఈస్టరు దాకా మెరుస్తూనే ఉంది. పాస్టరు ప్రేమ్ కుమార్ ముప్ఫయ్యేళ్ల కుర్రాడు, ఈ ఊరొచ్చి రెండో ఏడు. ఇంక ప్లాస్టిక్ వద్దన్నాడు. అయితే ఏం కట్టాలని అందరూ అడిగేరు. క్రిస్టీనా ఫోను తీసి చూపించింది. చలిదేశాల వాళ్లు మిగులు ఊలుతో నిమ్మకాయంత బంతులు అల్లుతున్నారు. ఒక్కో బంతి మీద రెండు రంగుల్లో నక్షత్రం, పువ్వు, చేప.

"ఇంటికొకటి అల్లితే నలభై ఒక్క బంతులు. కొబ్బరిచెట్టు బొమ్మ కూడా పెట్టొచ్చు మామ్మా, గళ్ల కాగితం మీద నేను వేసిస్తాను."

ఆ ఆదివారం సమాజం మీటింగులో మరియమ్మగారు లేచి నిలబడ్డారు. "నమూనా నేను చేస్తాను. వచ్చే ఆదివారం తెస్తాను. అందరూ దాన్ని చూసి చెయ్యండి."

అందరూ తలలూపేరు. ఊళ్లో అల్లిక అంటే ఆవిడే.

సోమవారం మొదలెట్టేరు. నాలుగు సూదుల మీద గుండ్రంగా అల్లడం టోపీలవల్ల తెలుసు. కొత్తదల్లా రెండో రంగు. ఒకే వరసలో ఎరుపూ తెలుపూ రెండూ ఉంటాయి. తెల్ల కుట్లు పడుతున్నంతసేపూ ఎర్రదారం వెనక నుంచి నడిచి వస్తుంది, దాని వంతు వచ్చినప్పుడు ముందుకొస్తుంది. ఇంతే. చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది.

మధ్యాహ్నానికి బంతి అయింది. ఆవిడ భర్త ఏసుపాదంగారు, హైస్కూల్లో అటెండరుగా చేసి రిటైరయిన మనిషి, పేపరు మీంచి తొంగి చూసేరు.

"ఏంటది, నిమ్మకాయా?"

"బంతండీ."

"ఊరగాయకి ఎండేసినట్టుంటేనూ."

మరియమ్మగారు బంతిని దగ్గరగా పట్టుకుని చూసేరు. బంతి నిండా ముడతలు. నక్షత్రం మూలలన్నీ లోపలికి లాక్కుపోయి, ఎవరో పిడికిలి బిగించినట్టుంది.

కాలేజీ నుంచి వచ్చిన క్రిస్టీనా దాన్ని తిరగేసింది. లోపలి వైపు శుభ్రంగా, తీర్చి దిద్దినట్టు ఉంది. "మామ్మా, వెనక దారం లాగేస్తున్నావు. మూడు కుట్ల దూరం నడవాల్సిన దారాన్ని ఒక కుట్టు దూరానికి కుదించేస్తే ముడుచుకుపోదా?"

"లాగకపోతే వేలాడుతుంది."

"వేలాడనీ. లోపల దూది కూరేస్తాం. ఎవరు చూస్తారు?"

"నేను చూసేను కదే."

"నువ్వు చూడకు."

ఏసుపాదంగారు పేపరు మడిచేరు. "ఆ మాట నేను పెళ్లయిన కాణ్ణుంచీ చెబుతున్నానమ్మా."

మంగళవారం రెండోది. బుధవారం మూడోది. ఈసారి వదులుగా వదలాలని గట్టిగానే అనుకున్నారు. అనుకున్నది తల. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. కొత్త కుట్టు వేసేలోపలే చిటికెన వేలు గాడిలో దారం పట్టుకుని ఒక్క గుంజు గుంజేది. ముప్ఫై ఏళ్లుగా ఎవరూ దాన్ని అడగలేదు, ఇప్పుడడిగితే వింటుందా? బుధవారం సాయంత్రానికి అరుగు మీద మూడు ఎండు నిమ్మకాయలు వరసగా ఉన్నాయి. ఏసుపాదంగారికే జాలేసి వేళాకోళం మానేసేరు. అది ఆవిడకి మరీ అవమానంగా తోచింది.

గురువారం క్రిస్టీనా బస్సు దిగి వస్తూ సంచీలోంచి ఇంకో బంతి తీసింది. దూది ఇంకా కూరలేదు. "ఎవరు చేసేరో చెప్పను. చూడు."

మరియమ్మగారు చూడలేదు, తిరగేసేరు. లోపల కాకి గూడులా ఉంది. దారాలు ఉయ్యాలల్లా వేలాడుతున్నాయి. ఆవిడ చూపు అక్కడే ఆగిపోయింది.

"ఇది సుగుణ చెయ్యి" అన్నారు.

క్రిస్టీనా నోరు తెరిచింది. "ఎలా తెలిసింది?"

తెలియకేం. పధ్నాలుగేళ్లయినా మరిచిపోయే చెయ్యి కాదది. ఆవిడ బంతిని నెమ్మదిగా పైకి తిప్పేరు. గుండ్రం. ముడతన్నది లేదు. ఎర్రటి నేల మీద తెల్లటి కొబ్బరిచెట్టు, ఆకులు విప్పుకుని, తిన్నగా నిలబడి ఉంది. మరియమ్మగారు దాన్ని మళ్లీ తిరగేసేరు, మళ్లీ పైకి తిప్పేరు. ఏదో లెక్క తప్పినట్టు అలా చాలాసార్లు తిప్పేరు.

సుగుణ ఇల్లు రెండు వీధుల అవతల. ఇప్పుడు అంగన్‌వాడీలో ఆయా. పిల్లలకి అన్నం పెట్టి, పడుకోబెట్టి, ఆ కాసేపట్లో క్రిస్టీనా ఫోను ఒకసారి చూసి అల్లేసిందట. ఒకప్పుడు ఆ ముప్ఫై రెండు ఇళ్లలో ఆవిడదీ ఒకటి. నోరు వదులు, చెయ్యీ వదులు. మాట్లాడుతూ అల్లేది, అల్లుతూ నవ్వేది, నవ్వుతూ కుట్టు వదిలేది. చివరిసారి ఒక టేబుల్ క్లాతు తెచ్చింది, ఆరు వారాల పని. మరియమ్మగారు తిరగేసి చూసి, "వదులుగా ఉంది సుగుణా, రాఘవులుగారు తీసుకోనన్నారు" అని మడతపెట్టి చేతిలో పెట్టేరు. సుగుణ దాన్ని సంచీలో పెట్టుకుని ఇంటికెళ్లిపోయింది. ఆ మర్నాటినుంచి రొయ్యల షెడ్డులో తలలు తియ్యడానికి పోయింది. మళ్లీ లేసు సూది పట్టలేదు.

ఇద్దరి మధ్యా మాటలు ఆగలేదు. ఒకే చర్చి, ఒకే బెంచీ. జ్వరాలకీ పెళ్లిళ్లకీ పలకరింపులున్నాయి. దారం మాట మాత్రం ఎత్తేవారు కారు.

మరియమ్మగారికి మాత్రమే తెలిసిన సంగతి ఇంకొకటుంది. ఆ గుడ్డని రాఘవులు చూడనే లేదు. అటుపక్క సరుకు తక్కువై, ఆ వారం ఏదిచ్చినా తీసుకుపోయే పరిస్థితిలో ఉన్నాడు. చూపిస్తే తీసుకునేవాడేమో. తన చేతి మీదుగా వదులు సరుకు వెళ్లడం ఇష్టంలేక ఆవిడే ఆపేరు. ఆపి, అతని పేరు చెప్పేరు.

నమూనా ఆదివారానికి కావాలి. నాలుగో బంతి మొదలుపెట్టి, సగంలో చూస్తే మళ్లీ పిడికిలే. శనివారం మధ్యాహ్నం ఆ సగం బంతిని సూదులతో సహా డబ్బాలో పడేసి, డబ్బా చంకన పెట్టుకుని, చెప్పులేసుకున్నారు.

"ఎక్కడికి?" అన్నారు ఏసుపాదంగారు.

"నేర్చుకోడానికి."

ఆయన కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు. ఆ ఇంట్లో ఆ మాట మొదటిసారి వినబడింది.

సుగుణ గుమ్మంలోనే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తి చూసింది.

"వదినగారే! దారి తప్పేరా అండీ?"

"తప్పలేదు. నీ దగ్గరికే వచ్చేను."

"నా చాట తిరగేస్తారేమోనండీ, బియ్యం ఒలికిపోతాయి." నవ్వుతూనే పీట జరిపింది. "కూచోండి. టీ పెట్టనా?"

"టీ వద్దు. ఇదిగో, ఇది చూడు." సగం బంతి చేతికిచ్చేరు.

సుగుణ దాన్ని నొక్కి చూసింది. "బాబోయ్. దీన్ని విసిరితే కొబ్బరికాయ దిగుతుందండి."

"దిగుతుంది. నీది గుండ్రంగా ఎలా వచ్చింది?"

"నాకేం తెలుసండీ? నా చేతికి బిగించడం రాదని మీరే కదా చెప్పేరు. ముప్ఫై రెండు ఇళ్లలోనూ చెప్పేరు."

మరియమ్మగారు చూపు తప్పించి ఇంట్లోకి చూసేరు. ఎదురుగా టీవీ. టీవీ మీద ఒక లేసు గుడ్డ. ఆవిడకి గుర్తుపట్టడానికి ఒక్క క్షణం చాలు. ఆరు వారాల పని. పద్దెనిమిది పువ్వుల వరస. పధ్నాలుగేళ్లు ఉతికీ ఆరేసీ, ఒక పక్క సాగి, పొట్టలా కిందికి జారి ఉంది.

"ఆ గుడ్డ రాఘవులుగారు చూడలేదు సుగుణా" అన్నారు. "నేనే ఆపేను. ఆయన పేరు చెప్పేను."

సుగుణ బియ్యంలోంచి ఒక రాయి తీసి వాకిట్లోకి విసిరింది. "తెలుసండి."

"తెలుసా?"

"మరుసటి వారమే పంటు దగ్గర కనబడ్డారాయన. నా సరుకెందుకు ఆపేరండీ అని అడిగితే, నీ సరుకు నేను చూడనే లేదమ్మా అన్నారు. షెడ్డుకి పోతున్నానప్పుడు. బస్సొచ్చేసింది."

"మరి ఇన్నేళ్లూ అడగలేదేం?"

"అడిగితే ఏం చెబుతారు? వదులుగా ఉందంటారు." సుగుణ కూడా టీవీ వైపు చూసింది. "చూడండి, వదులేనా కాదా?"

ఇక్కడ మరియమ్మగారు కన్నీళ్లు పెట్టుకుని, కాదమ్మా, అది బంగారు చెయ్యి అని అంటే బాగుండునని కోరుకునే వాళ్లుంటారు. ఆవిడ లేచి వెళ్లి, గుడ్డ కొస ఎత్తి, వెనక వైపు చూసి వచ్చి కూర్చున్నారు.

"వదులే" అన్నారు.

"వదులేనండీ, ఎవరు కాదన్నారు?" సుగుణ నవ్వింది. ముందు సుగుణ ఒక్కర్తే నవ్వింది. తర్వాత ఇద్దరూ నవ్వేరు.

"తప్పు వదులని చెప్పడం కాదు" అన్నారు మరియమ్మగారు, కళ్లు తుడుచుకుంటూ. "పేరు మార్చి చెప్పడం. అది నాది."

"ఆయ్. అది మీదేనండి" అంది సుగుణ, ఏమాత్రం తగ్గించకుండా. చాట పక్కన పెట్టింది. "ఇలా రండి. అల్లండి, నేను చూస్తాను."

మరియమ్మగారు అల్లేరు. రెండు కుట్లు పడేసరికి సుగుణ తన చూపుడు వేలు తెచ్చి, వెనక నడిచే ఎర్రదారానికీ బంతికీ మధ్య దూర్చింది.

"నా వేలు ఇక్కడే ఉంటుందండి. దాన్ని కొయ్యకుండా అల్లండి."

చిటికెన వేలు అలవాటుగా గుంజింది.

"అమ్మో! వేలండీ!"

"చూసుకోలేదే."

"మీరు చూసుకోరు. నోరు మూసుకుని అల్లుతారు, అందుకే బిగుసుకుపోతుంది. ఏదైనా మాట్లాడండి."

"ఏం మాట్లాడమంటావు?"

"ఎవరి మీదైనా చెప్పండి. మా అంగన్‌వాడీ టీచరు మీద నేను చెప్పనా?"

సుగుణ టీచరు మీద చెప్పింది. మరియమ్మగారు పాస్టరుగారి హార్మోనియం మీద చెప్పేరు, ఆ తర్వాత ఏసుపాదంగారి గురక మీద. గురక దగ్గరికి వచ్చేసరికి మూడు వరసలు పడ్డాయి. సుగుణ వేలి మీద ఎర్ర గీతలు ఉన్నాయి గానీ కొత్తవి పడటం తగ్గింది. ఎండ వాకిలి దాటేసరికి బంతి పూర్తయింది. వేలు తీసేసేక లోపల దారాలు కాస్త కాస్త వేలాడుతున్నాయి. మరియమ్మగారికి అవి చూడ్డానికి ఒంటి మీద చీమలు పాకినట్టే ఉంది. ఓర్చుకున్నారు.

పైకి తిప్పి చూసేరు. కింద సగం పిడికిలి, పై సగం గుండ్రం.

"వంకాయ" అన్నారు ఆవిడే.

"గుత్తి వంకాయండి" అంది సుగుణ.

మర్నాడు ఆరాధన అయ్యేక స్త్రీల సమాజం కూర్చుంది. నమూనా కోసం అందరూ మరియమ్మగారి సంచీ వైపు చూసేరు. ఆవిడ సుగుణ చేసిన కొబ్బరిచెట్టు బంతి తీసి పైకెత్తేరు. ఊఁ అన్న శబ్దం లేచింది, బాగుందన్న శబ్దం.

"ఇది నాది కాదు. సుగుణది. నాది ఇదిగో" అని వంకాయ కూడా తీసి పక్కన పెట్టేరు. ఎవరో పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు. "నవ్వండి, ఫరవాలేదు. ఇప్పుడు వెనక చూడండి."

సుగుణ చేసిన బంతిని లోపలి వైపు బయటికి తిప్పి, నలభై మందికీ కనబడేలా పట్టుకున్నారు. కాకి గూడు. దారాలన్నీ వేలాడుతున్నాయి. ఒకప్పుడు లేసు అల్లిన వాళ్లందరి మొహాలూ ఒక్కసారిగా ముడుచుకున్నాయి. ఆ మొహాలకి ఆ చూపు నేర్పింది ఆవిడే.

"ఇలాగే ఉండాలి. వెనక శుభ్రంగా ఉందంటే ముందు పాడైందని అర్థం. శుభ్రంగా చేసి తెచ్చేరో, తిప్పి పంపించేస్తాం."

గుమ్మం దగ్గర నిలబడ్డ పాస్టరు ప్రేమ్ కుమార్ మొహం వెలిగింది. వచ్చే ఆదివారానికి ప్రసంగం దొరికింది. "ఎంత చక్కటి మాట అమ్మగారూ! మన జీవితాలు కూడా ఇంతేనండి. మనకి కనబడేది వెనకున్న చిక్కుముడులు, దేవుడు చూసేది..."

"బాబూ, అక్కడ దూది సంచీ ఉంది, ఇలా అందుకోండి" అన్నారు మరియమ్మగారు.

పాస్టరు దూది అందించేడు.

"ఎవరు చూస్తారండీ, మీరేనా?" అని వెనక బెంచీలోంచి ఎవరో అడిగేరు.

"నేను కాదు. నా కంటికి వదులు నచ్చదు, మంచివన్నీ తిప్పి పంపేస్తాను. సుగుణ చూస్తుంది."

సుగుణ బెంచీ మీంచి సగం లేచి, మళ్లీ కూర్చుని, చీర సర్దుకుంది.

డిసెంబరు రెండో ఆదివారానికి బంతులు వచ్చేయి. చర్చి వరండాలో బల్ల వేసుకుని సుగుణ కూర్చుంది. దూది కూరకుండా తెమ్మన్నారు గనక ఒక్కోటీ తీసుకోవడం, తిరగేయడం, దారం కింద వేలు దూర్చి చూడడం. వేలు దూరితే డబ్బాలోకి, దూరకపోతే వెనక్కి. పనిలో నోరు ఆగలేదు. "మీ చేప మీద ఎవరైనా కూచున్నారా అండీ?" "ఇది నక్షత్రమా, పీతా? పీతైతే ఉంచుదాం, బాగుంది." తొమ్మిది వెనక్కి వెళ్లేయి.

మరియమ్మగారు వరసలో నిలబడ్డారు, అందరితో పాటే. ముందుకి పిలిచినా వెళ్లలేదు. ఆవిడ బంతి ఎరుపు మీద తెల్ల పువ్వు. పది రోజుల్లో ఐదుసార్లు విప్పి అల్లినది. అల్లుతున్నంతసేపూ ఏసుపాదంగారితో మాట్లాడుతూనే ఉన్నారు. నలభై ఆరేళ్ల సంసారంలో అన్ని మాటలు ఎన్నడూ వినలేదని ఆయన బజారులో చెప్పుకున్నారు. పైకి చూస్తే గుండ్రంగానే ఉంది. ఒక్క చోట, పువ్వు కింద, చిన్న ముడత.

సుగుణ తీసుకుంది. తిరగేసింది. వేలు దూర్చింది. ఒక వరస, రెండు వరసలు, మూడు. నాలుగో దగ్గర వేలు ఆగింది. ముందుకి వెళ్లలేదు.

సుగుణ తలెత్తి మరియమ్మగారి మొహంలోకి చూసింది. మరియమ్మగారు కూడా చూపు తిప్పుకోలేదు. వదిలేస్తుందేమోనని ఒక్క క్షణం భయపడ్డారు.

"ఇక్కడ బిగిసిందండి, వదినగారూ" అంది సుగుణ. "పువ్వు కాణ్ణుంచి విప్పి చెయ్యాలి."

"ఎవరన్నారు?"

"నేనే అన్నానండి."

"ఆయ్" అన్నారు మరియమ్మగారు.

బంతి పట్టుకుని వరండా మెట్టు మీద కూర్చుని, కొస వెతికి, ముడి విప్పి లాగడం మొదలెట్టేరు. వంకర్లు తిరిగిన ఎర్ర ఊలు ఒళ్లో పడుతోంది. సైకిలు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డ ఏసుపాదంగారు, ఇంటికి రావడానికి ఇంకా చాలాసేపు పడుతుందని తెలుసుకుని, స్టాండు వేసి, లోపలికి వచ్చి, రెండు చేతులూ చాపి పక్కన కూర్చున్నారు. ఆవిడ ఆ చేతులకి ఊలు చుడుతూ, అలవాటు చేసుకున్న ప్రకారం, మాట్లాడడం మొదలుపెట్టేరు.